వికారాబాద్‌లో దిగిన గొంతు

పొద్దున గిన్నెలు తోమి, ఒక జొన్నరొట్టె తిని, ఆఫీసు ఫోను మీద పడ్డ తెల్లటి దుమ్మును తడిగుడ్డతో తుడిచి కూర్చోవడం నిరోషాకు అలవాటు. తాండూరులో ఆ దుమ్ముకు వేళాపాళా లేదు. వాళ్ళ గల్లీ చివర నాపరాయి పాలిషు పట్టే మిషన్లు పొద్దంతా గరగరా తిరుగుతూనే ఉంటాయి. కిటికీ మూసినా, పరదా కట్టినా, సాయంత్రానికి ఏ వస్తువు మీద వేలు పెట్టినా గీత పడుతుంది. ఫోను మాత్రం కంపెనీ వాళ్ళది కాబట్టి దాన్ని రోజూ తుడిచేది. మిగతావాటిని ఎప్పుడో వదిలేసింది.

ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ అమ్మే ఒక కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం ఆమెది. చాలా ఏళ్ళు పొద్దున్నే రైలెక్కి పట్నం పోయి, చీకటి పడ్డాక ఇంటికి చేరేది. తర్వాత కంపెనీ ఆ అంతస్తునే ఖాళీ చేసేసి, అందరి ఇళ్ళకూ ఒక్కో నల్లటి ఫోను పంపించింది. ఇంట్లో ఉన్న నెట్టు డబ్బాకు దాని వైరు గుచ్చితే చాలు, పట్నంలో మోగాల్సిన ఫోను తాండూరులో మోగుతుంది. అది వచ్చిన రోజు ఇమ్మానుయేలు చాలా సంబరపడ్డాడు. తన చేత్తో పాలిషు పట్టిన బండనొకదాన్ని తెచ్చి, రెండు ఇనుప కాళ్ళ మీద నిలబెట్టి బల్ల చేసి ఇచ్చాడు. "ఇగ రైలు తిప్పలు లేవు. ఇంట్ల కూసొని కలెక్టరు లెక్క మాట్లాడు," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడే అతనికి దగ్గు తెర వచ్చింది. పెళ్ళికి ముందునుంచీ అతనిది పాలిషు పనే. రాయి నుంచి లేచిన దుమ్ము ఇళ్ళలోకి ఎంత వచ్చిందో అంతకు ఎన్నో రెట్లు అతని ఛాతీలోకి పోయింది. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత మాట్లాడితే ఆయాసం, చివరికి ఊరికే పడుకున్నా ఆయాసం. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసి, "రాయి లోపల కూచుంది. మనం చేయగలిగింది గాలి పెట్టడమే," అని తేల్చేశాడు. నిరోషా ఉద్యోగానికి ఇచ్చిన వైద్యం కార్డు వికారాబాద్‌లో ఒక దవాఖానలో చెల్లుతుంది. అనంతగిరి గుట్టల గాలి కూడా మంచిదన్నారు. అక్కడ చేర్పించారు. తోడుకు ఒక్కరినే ఉండనిస్తారు కనుక అతని తల్లి మొగులమ్మ మంచం కింద చాప పరచుకుంది. నిరోషా డ్యూటీ అయ్యేసరికి వార్డు తలుపులు మూసేస్తారు. ఆమెకు మిగిలింది ఆదివారం ఒక్కటే.

అతన్ని చేర్పించి వచ్చిన మరునాడే ఫోను తేడా చేసింది.

"హలో," అన్నాడు అవతల ఒకాయన. "హలో... ఎవరున్నరు లైన్ల?"

"నమస్కారం సార్, నేను నిరోషా మాట్లాడుతున్నాను. మీకు ఏ విధంగా సాయపడగలను?"

"హలో! ఫోనెత్తుతరు, మాట్లాడరు. ఏం మనుషులమ్మా!"

"సార్, నేను మాట్లాడుతున్నాను సార్. మీరు నాకు వినిపిస్తున్నారు. నేను మీకు వినిపిస్తున్నానా?"

ఆయన పెట్టేశాడు. తర్వాత వచ్చిన ఆమె ఏడుపుగొంతుతో ఫ్రిజ్‌లో పసిపిల్ల మందు ఉందని, అది చెడిపోతుందేమోనని చెప్పుకుని, చెప్పుకుని, ఎవరూ పలకక తానే పెట్టేసింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. నిరోషా వైరు తీసి గుచ్చింది, నెట్టు డబ్బా ఆపి కాసేపు ఆగి మళ్ళీ వేసింది, హెడ్‌సెట్ పక్కన పెట్టి రిసీవర్ ఎత్తి మాట్లాడింది. అవతలివాళ్ళ గొంతు పక్కింట్లో ఉన్నట్టు తేటగా వస్తోంది. ఆమె గొంతు మాత్రం ఎవరికీ చేరలేదు.

మధ్యాహ్నం ఆమె పైఅధికారి అమూల్య సెల్‌ఫోనుకు చేసింది. కొడంగల్ దగ్గర భూములున్న ఇంటి పిల్ల, పట్నంలో ఉంటుంది. వయసులో చిన్నదే అయినా ఎవరినీ కసిరి మాట్లాడదు.

"నిరోషా గారూ, రికార్డింగులు విన్నాను. మీ వైపు అంతా ఖాళీగా ఉంది. కస్టమర్లు ఒక్కరే మాట్లాడుకుంటున్నారు. మీ నెట్ వాళ్ళను ఒకసారి పిలిపించి చూపిస్తారా?"

నెట్ కనెక్షను చూసే అరుణ్‌కుమార్ బండికి నిచ్చెన కట్టుకొని వచ్చాడు. స్తంభం దగ్గర వైరు చూశాడు, డబ్బా వెనక వైరు చూశాడు, ల్యాప్‌టాపు తెరిచి బల్ల మీద పెట్టి చాలాసేపు ఏవేవో అంకెలు చూశాడు.

"నెట్టు మస్తుగ ఉంది అక్కా. నీ మాట గూడ ఇంట్లకెల్లి బయటికి పోతుంది. గిది చూడు, పోతనే ఉంది. మరి ఆఫీసుకు అందుతలేదంటె నడుమ ఏడనో దిగిపోతుంది."

"ఏడ దిగుతది తమ్మీ?"

"గదే తెలుస్తలేదు."

అతను అటు వెళ్ళాడో లేదో మొగులమ్మ దగ్గరినుంచి ఫోను వచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న అత్తమ్మా. ఎట్లుండు?"

"అట్లనే ఉండు. గని జర మెల్లగ మాట్లాడరాదు? పక్క మంచం యోహాను పొద్దుగాల నుంచి కన్ను మూయలే. హలో హలో అని ఒక్క తీర్గ మొత్తుకుంటున్నవు."

"నేనా? నేనేడ మొత్తుకున్న అత్తమ్మా?"

"నల్లాల. వార్డుల చేతులు కడిగే నల్లా లేదా, నీళ్ళు రావు చూడు, అండ్లకెల్లి వస్తుంది నీ మాట. పొద్దటి సంది వస్తనే ఉంది."

నిరోషా బల్ల అంచు పట్టుకుంది. రాయి చల్లగా తగిలింది.

"ఆయన వింటుండా?"

"ఇనక? కండ్లు మూసుకొని ఇంటుండు. నేను మీకు వినిపిస్తున్నానా సారూ అని నువ్వు అడుగుతున్నవు గద, నువ్వు అడిగినప్పుడల్లా వీడు 'ఇనిపిస్తుంది' అంటుండు. మాట్లాడకురా, దమ్ము పోతదిరా అంటె ఇనడు."

మరునాడు మళ్ళీ వచ్చిన అరుణ్‌కుమార్‌కు ఈ సంగతి చెబితే అతను స్క్రూడ్రైవరుతో చెవి వెనక గోక్కుని తలూపాడు. "నేను గదే అనుకున్న అక్కా. వికారాబాద్ జంక్షన్ గద. పట్నం పోవాల్సిన మాట ఆడ దిగిపోతుంది. ధారూరు అసొంటి చిన్న స్టేషన్ల దిగిందంటె ఎట్లనో అట్ల పట్టుకొని ఎక్కిద్దుము. జంక్షన్ల దిగినంక ఏ దిక్కు పోతదో ఎవలికెరుక?" అని, ఆ రోజంతా ఆమె మాటను తిరిగి రైలెక్కించే ప్రయత్నం చేశాడు. డబ్బాలో ఏదో గడిని మూశాడు, ఇంకోదాన్ని తెరిచాడు. డబ్బానే మార్చాడు. వైరు మార్చాడు. పట్నం నుంచి కంపెనీ మనిషి దూరాన్నించే ఫోనులోకి దూరి దాన్ని తుడిచి, కొత్తదానిలా చేసి ఇచ్చాడు. ఆఖరికి ఫోనును ఎత్తుకుపోయి పక్కింటి కనెక్షనుకు గుచ్చి చూశారు. ఎటు తిప్పినా ఆమె మాట వికారాబాద్‌లోనే దిగింది. ఆ దవాఖానలోనే, ఆ వార్డులోనే, ఆ నల్లాలోనే.

వార్డులో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున రాగానే నర్సు మనోరమ నల్లాను పూర్తిగా తిప్పి పెట్టేది, సగం తిప్పితే గొంతు బొంగురుగా వస్తోందని. సేడం వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు మంచం మీదినుంచే కన్నడంలో నల్లాను పలకరించి, జవాబు రాకపోతే అలిగేవాడు. యోహాను రెండు రోజులు సణిగి తర్వాత అలవాటు పడ్డాడు. ఫ్రిజ్ వెనక గోడకు జానెడు జాగా వదలాలనీ, మిషన్లో బట్టలు కుక్కి వేయకూడదనీ మంచాల మీద ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోయింది. వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో ఆ వస్తువులు లేవు. ఉన్నవాళ్ళు కూడా తిరిగి ఇళ్ళకు పోయి వాటిని వాడతారన్న ఆశ పెద్దగా పెట్టుకోలేదు.

మొదటి రోజుల్లో నిరోషా డ్యూటీ మాటలే మాట్లాడింది. తర్వాత్తర్వాత, కస్టమర్లు ఎటూ వినడంలేదు కదా అనిపించింది. కొందరు నాలుగు హలోలకే పెట్టేసేవాళ్ళు. కొందరు మొండివాళ్ళు, ఎవరో ఒకరు పలికేదాకా పెట్టేది లేదని కూర్చుని, ఫోను పక్కన పడేసి తమ పనులు చూసుకునేవాళ్ళు. అలాంటి లైన్లు దొరికినప్పుడు ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది.

"ఇయ్యాల చింతచిగురు పప్పు వండిన. నీకోసం గూడ ఎసరు పెట్టిన, చెయ్యి అలవాటు పోలేదు. పైనింటోళ్ళు మళ్ళ మోటరు బంద్ చెయ్యలే, నీళ్ళు వాకిట్ల పారినయి. పాస్టరమ్మ ఎదురుపడ్డది, నీ పేరు చెప్పి ప్రార్థన చేసిన్రంట. పక్కింటి పద్మారాణి బిడ్డకు పెండ్లి కుదిరింది..."

అని ఆగేది.

"నువ్వేమన్న అంటున్నవేమో. నాకైతె వినవస్తలేదు. నువ్వు చెప్పు, నేను విన్నట్టే అనుకుంట."

ఆపై కాసేపు ఏమీ మాట్లాడేది కాదు. అతను ఒక మాట అనడానికి ఎంత ఊపిరి కూడదీసుకోవాలో ఆమెకు తెలుసు. ఆ ఊపిరికి సరిపడా జాగా వదిలేది. ఆ జాగాలోకి చెవిలోంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తిట్లు వచ్చి పడుతుండేవి. ఆమె వాటిని విననట్టు కూర్చుని, అక్కడ తాండూరుకు అటువైపు, ఇన్ని పట్టాల దూరాన తన మొగుడు తనతో ఏమంటున్నాడో ఊహించుకునేది.

అమూల్య మళ్ళీ ఫోను చేసింది.

"నిరోషా గారూ, మీ మీద కంప్లయింట్లు చాలా వచ్చాయి. పైవాళ్ళు నన్ను రోజూ అడుగుతున్నారు."

"మేడమ్, నా గొంతు వికారాబాద్‌ల దవాఖాన నల్లాల వస్తుంది."

"అవునా," అంది అమూల్య. "అక్కడినుంచి మన సర్వరుకు తిప్పగలరేమో మీ నెట్ వాళ్ళను అడిగారా?"

"అడిగిన మేడమ్. అయితలేదు. నేను ఆఫీసుకే వచ్చి చేస్త, రైలుకు వస్త."

"ఆఫీసెక్కడుంది నిరోషా గారూ? ఆ అంతస్తులో ఇప్పుడు వేరే కంపెనీ ఉంది. మనకు ఒక్క కుర్చీ కూడా లేదు. ఇంట్లో ఫోను పనిచేస్తేనే ఉద్యోగం. వచ్చే శుక్రవారం దాకా నేను ఆపగలను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"కార్డు మేడమ్?"

"కార్డు ఉద్యోగంతోనే కదా," అంది అమూల్య, తప్పు తనదే అయినట్టు.

ఆ ఆదివారం నిరోషా రైల్లో కూర్చుని కిటికీలోంచి ఎండిన కందిచేలను చూస్తూ పోయింది. ఇమ్మానుయేలు ఇంకా సన్నబడ్డాడు. ముక్కు మీద గాలి మాస్కు, దాని కింద పెదాలు తెల్లగా. మొగులమ్మ టీ తాగి వస్తానని లేచిపోయింది, వాళ్ళిద్దరినీ వదిలి.

అతను మాస్కును కొంచెం పక్కకు జరిపాడు. "ఇయ్యాల... నల్లా... సప్పుడు లేదు."

"నేనీడనే ఉన్న గద."

అతను నవ్వాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. వారమంతా ఎన్నో మాటలు దాచుకుని వచ్చాననుకుంది. తీరా అతని ఎదుట ఒక్కటీ నోటికి రాలేదు. ఎండిన నల్లాతో చెప్పుకోగలిగిన మాటలు ఈ కళ్ళను చూస్తూ చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇద్దరూ కలిసి గోడ మూలనున్న ఆ నల్లా వైపు చూస్తూ ఉండిపోయారు. బయటినుంచి ఇంకెవరో వచ్చి వాళ్ళ తరపున మాట్లాడిపెడతారన్నట్టు.

"దినమంత... సారీ అంటవ్," అన్నాడతను. "ఎందుకు గన్ని... సారీలు?"

"గది మా పని. మా కొలువే సారీ చెప్పేది."

"పోను... బాగైతలేదా?"

"అయితది."

"ఆఫీసుల... ఏమన్న అంటున్నరా?"

"ఏమంటరు? ఏమనరు. నువ్వు మాస్కు పెట్టుకో ముందు."

యోహాను మంచం మీదినుంచి లేచి కూర్చుని ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వేనా నిరోషావు? నేను జర పెద్దమనిషివి అనుకున్న, గొంతు చూసి. ఎవలో ఒకాయనకు నిన్న దినమంత దండం పెట్టినవ్ గద, వాని మిషను బాగైందా?"

"కాలేదు పెద్దయ్యా."

"మాది గూడ కాదు పో," అని ఛాతీ తట్టుకుని మళ్ళీ పడుకున్నాడు.

తిరుగు రైల్లో ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అది అంతకు ముందు కూడా వచ్చింది, కానీ అప్పుడు తోసేసింది. వార్డులో ఆ నల్లాను కట్టేస్తే? దిగడానికి చోటు లేకపోతే మాట తన దారిన తాను పట్నం పోతుంది కదా? అరుణ్‌కుమార్‌కు కూడా ఇదే తట్టినట్టుంది. సోమవారం పొద్దున వైర్లు చుడుతూ, ఆమె మొహం చూడకుండా, "ఆడ నల్లా కట్టేసి చూడుమని చెప్పకపోయినవా అక్కా?" అన్నాడు.

"తిరగదంట తమ్మీ. తుప్పు పట్టి ఉందంట," అంది నిరోషా.

అతను ఆమె వైపు ఒక్కసారి చూసి, సరే అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వారమంతా ఆమె ఎంతో మాట్లాడింది. మొండి కస్టమర్లు దొరకాలని కోరుకుంటూ మాట్లాడింది. పెళ్ళయిన కొత్తలో ధారూర్ జాతరలో తాను తప్పిపోతే, అతను మైకులో తన పేరు తప్పుగా పిలిపించాడని అతనితో రెండు రోజులు మాట్లాడని సంగతి చెప్పింది. పిల్లలు పుట్టలేదని ఎవరెవరో అన్న మాటలకు అతను తనకు తెలియకుండా వాళ్ళతో కొట్లాటకు పోయాడని తనకు తెలుసనీ, తెలియనట్టు నటించాననీ చెప్పింది. పాలిషు పని మానెయ్యమని గట్టిగా అడ్డం పడి ఉండాల్సిందని చెప్పబోయి, నల్లా చుట్టూ వార్డంతా వింటుందని గుర్తొచ్చి మానేసింది.

గురువారం సాయంత్రం అరుణ్‌కుమార్ చివరిసారి వచ్చాడు. అప్పటికి ఒక కస్టమరు లైన్లోనే ఫోను పక్కన పడేసి పోయాడు; వాళ్ళింట్లో టీవీ మోత వినిపిస్తోంది. నిరోషా హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, అతనికి మంచినీళ్ళిచ్చింది. అతను ల్యాప్‌టాపు తెరవను కూడా తెరవలేదు.

"నాకు తెలిసిందంత చేసిన అక్కా. ఇటు దిక్కు ఏ తప్పు లేదు."

అప్పటిదాకా బిగబట్టుకున్నది ఆమెలో తెగిపోయింది. "రేపటి దాకనే తమ్మీ. రేపు గూడ గిట్లనే ఉంటె నన్ను తీసేస్తరు. కొలువు పోతె కార్డు బంద్ అయితది. కార్డు బంద్ అయితె ఆ మంచం మీద ఒక్క పూట గూడ ఉంచుకోరు. ఆయనను నేను ఏడికి తీస్కపోవాలె? గీ దుమ్ములకు మళ్ళ తీస్కరావాల్నా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అరుణ్‌కుమార్ కళ్ళు బల్ల మీదికి పోయాయి.

"అక్కా," అన్నాడు మెల్లగా. "లైను నడుస్తుంది."

పచ్చ దీపం వెలుగుతోంది. హెడ్‌సెట్ మైకు ఆమె నిలబడ్డ వైపే తిరిగి ఉంది. ఆమె ఉరికి వెళ్ళి మీట నొక్కింది. కానీ అంతసేపటికి ఆ మాటలు ఎక్కడికి చేరాలో అక్కడికి చేరిపోయాయి.

మొగులమ్మకు ఫోను చేద్దామని సెల్ చేతిలోకి తీసుకుంది. ఏమని అడగాలి? ఆయన విన్నాడా అని అడిగితే విన్నాడనే చెబుతుంది. చెయ్యలేదు. అటునుంచీ ఫోను రాలేదు.

శుక్రవారం కూడా దుమ్ము తుడిచి కూర్చుంది. మొదట వచ్చినామె తిట్టి పెట్టేసింది. రెండో ఆయనది వాషింగ్ మిషను. నీళ్ళన్నీ ఇంట్లోకి కారుతున్నాయట. "హలో, ఎవరన్న ఉన్నరా? హలో!"

"సారీ సార్. నేను లైన్లోనే ఉన్నాను సార్," అంది నిరోషా, ఎప్పటిలాగే, ఏ ఆశా లేకుండా. "మీరు నాకు వినిపిస్తున్నారు. నేను మీకు వినిపిస్తున్నానా?"

"హలో... హలో..."

"సారీ సార్. నేను మీకు—"

"ఆ, ఇప్పుడు వినిపిస్తుంది మేడమ్," అన్నాడాయన. "మస్తు క్లియర్‌గ వినిపిస్తుంది. చెప్పుండ్రి."

నిరోషాకు వెంటనే అర్థమైంది. ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. గోడ మూలన ఆ నల్లా, దాని మీద ఎముకలు తేలిన ఒక చెయ్యి, కళ్ళకు కట్టినట్టు కనిపించాయి.

"హలో? మళ్ళ పోయిందా?" అన్నాడాయన.

"లేదు సార్," అంది. "ఉన్నాను." గొంతు సవరించుకుంది. "మిషను వెనక పైపు ఒకసారి చూస్తారా సార్? బిగుతుగా ఉందా?"

ఆయన పైపు చూసి వచ్చాడు. మనిషిని పంపిస్తానని చెప్పింది. థాంక్స్ చెప్పాడు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఆమె వినిపించింది. ఆ రోజు ఒక్కరు కూడా రెండోసారి హలో అనలేదు. మధ్యాహ్నానికి అమూల్య సంతోషం ఆపుకోలేక ఫోను చేసింది. "ఏం చేశారు నిరోషా గారూ? ఎట్లా బాగైంది?" అని అడిగితే, "మావాళ్ళు చూసిన్రు మేడమ్," అని మాత్రం చెప్పగలిగింది.

డ్యూటీ అయిపోయాకే మొగులమ్మ ఫోను వచ్చింది. పని పాడవుతుందని అంతదాకా ఆగిందట.

"పొద్దుగాల లేశి కూసున్నడు," అంది. "దుప్పటి తీసేసి కాళ్ళు కింద పెట్టిండు. ఏందిరా అంటె మాట్లాడడు. మాస్కు ఊడబీకిండు. నేను పట్టుకుంట అంటె చెయ్యి విడిపించుకున్నడు. గోడ పట్టుకొని పోయిండు బిడ్డా, మంచం దిగి ఎన్ని దినాలైందో, ఒక్కడే పోయిండు. నల్లా కాడ జరసేపు నిలవడ్డడు, చెవి దగ్గర పెట్టి. నువ్వు ఎవలికో సారీ చెప్తున్నవు. 'ఇనిపిస్తుంది' అన్నడు. అని తిప్పి బంద్ చేసిండు."

"వీని చేతికి తిరగదేమో అనుకున్న. నూనె పెట్టినట్టు తిరిగింది. తిప్పి ఆడనే కూలవడ్డడు. సిస్టరు, యోహాను పట్టుకొచ్చి పండవెట్టిన్రు. గప్పటి సంది కండ్లు తెరువలే. వార్డు మస్తు సప్పుడు లేకుంట ఉంది బిడ్డా," అంది.

ఆదివారం ఆమె పోయేసరికి అతను మాట్లాడే స్థితిలో లేడు. ఈసారి ఆమెకు మాటలు వచ్చాయి. అతని చెవి దగ్గర నోరు పెట్టి, వార్డులో ఎవరు వింటున్నారో చూసుకోకుండా, ఆ రోజు చెప్పబోయి మానేసింది కూడా చెప్పింది. మధ్యమధ్య ఆగి, "వినిపిస్తుందా?" అని అడిగింది. అతని కనురెప్పలు కదిలాయేమో, కదల్లేదేమో. చూడటానికి వచ్చినవాళ్ళు పోవాలని గంట కొట్టేదాకా అడుగుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఇమ్మానుయేలు పోయాడు. ఆ సమయానికి నిరోషా ఎవరికో ఫ్రిజ్ తలుపు సరిగ్గా ఎట్లా మూయాలో చెబుతోంది. సెల్‌ఫోను పక్కన తిరిగి తిరిగి వణికింది. ఆమె అవతలివాళ్ళకు చెప్పాల్సింది చెప్పేసి, నమస్కారం పెట్టి, అప్పుడు ఎత్తింది. దవాఖానకు కట్టాల్సిందంతా కార్డే చూసుకుంది. తాండూరు శివారులో, రాళ్ళు తీసి వదిలేసిన గుంతలకు అవతల ఉన్న సమాధుల తోటలో పాతిపెట్టారు. అరుణ్‌కుమార్ కూడా వచ్చి మట్టి వేశాడు.

మొగులమ్మ ఇప్పుడు నిరోషా దగ్గరే ఉంటుంది. పొద్దున రొట్టెలు ఆమే చేస్తుంది. కోడలు ఫోను ముందు కూర్చోగానే తలుపు దగ్గరికి వేసి వాకిట్లోకి పోతుంది. ఉద్యోగం అలాగే ఉంది. అమూల్య మారిపోయి ఇంకెవరో వచ్చారు, వాళ్ళు కూడా ఆమె పనిని మెచ్చుకున్నారు. వానలకు గల్లీ అంతటా నెట్టు పోయిన రోజుల్లో కూడా ఆమె లైను ఒక్కటే తెగలేదని అరుణ్‌కుమార్ ఆశ్చర్యపోతుంటాడు.

కొన్నిసార్లు, పని తక్కువగా ఉన్న మధ్యాహ్నాల్లో, నిరోషా కావాలని గొంతు తగ్గించేస్తుంది. పెదాలు మాత్రమే కదిలేటంత మెల్లగా మాట్లాడి, ఒక్కరైనా వినపడలేదని అంటారేమోనని ఎదురుచూస్తుంది.

"నేను మీకు వినిపిస్తున్నానా సార్?"

"వినిపిస్తుంది మేడమ్," అంటారు వాళ్ళు. కరీంనగర్ నుంచి, ఖమ్మం నుంచి, ఎక్కడెక్కడినుంచో, ఒక్కరు కూడా తప్పకుండా.